పెద్ద పిల్లికి లిట్టర్ బాక్స్ మళ్ళీ అలవాటు చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇన్నాళ్ళూ బుద్ధిగా లిట్టర్ బాక్సులోకి (లిట్టర్ అనే మట్టి, రవ్వ లాంటిది పోసి ఇంట్లో పిల్లికి మరుగుదొడ్డిగా పెట్టే డబ్బాలోకి) వెళ్ళి ఇప్పుడు మానేసిన పిల్లులకూ, బయట తిరిగి పెరిగి పెద్దయ్యాక ఇంట్లోకి వచ్చిన పిల్లులకూ ఈ పేజీ. మొదటి రకం పిల్లి మీదైతే పైనుంచి వరసగా చదవండి. రెండో రకమైతే వీధి పిల్లి గురించిన ప్రశ్న ముందు చూసి, తర్వాత వెనక్కి రండి.

నిన్నటిదాకా బాక్సులోనే పోసేది, ఉన్నట్టుండి పరుపు మీద పోస్తోంది. ముందు ఏం చేయాలి?

పశువైద్యుడికి చూపించాలి. బాక్సు మార్చడం, లిట్టర్ మార్చడం, గదిలో పెట్టడం అన్నీ ఆ తర్వాతే. మూత్రాశయం వాపు, మూత్రంలో స్ఫటికాలు, కిడ్నీ జబ్బు, షుగరు, కీళ్ళ నొప్పులు, మలబద్ధకం, వీటిలో ఏది వచ్చినా మొదట బయటపడేది ఇలాగే. మూత్రం పోసేటప్పుడు మంట పుడితే పిల్లి ఆ మంటను బాక్సుకు ముడిపెట్టుకుంటుంది. 'ఇందులో దిగితే నొప్పి' అని దాని లెక్క. అందుకే జబ్బు తగ్గిపోయాక కూడా బాక్సు వంక చూడదు. మళ్ళీ అలవాటు చేయాల్సి వచ్చేది ఎక్కువగా అప్పుడే.

ఒక్క విషయంలో మాత్రం పొద్దున చూద్దాం అనుకోవద్దు. మగపిల్లి పదే పదే బాక్సులో కూర్చుని, ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా రాకుండా లేచి వస్తోందంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుని నూనె పట్టిస్తారు. మూత్రం ఆగిపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. మర్మాంగం అదే పనిగా నాక్కోవడం, వాంతులు, పొట్ట ముట్టుకోనివ్వకపోవడం కనిపిస్తే అర్ధరాత్రయినా బయల్దేరాల్సిందే.

నొప్పికి ఇంట్లో ఉన్న మాత్ర ఇవ్వకండి. పారాసిటమాల్ పిల్లికి విషం. సగం మాత్ర చాలు చంపడానికి.

డాక్టరు దగ్గరికి ఏం తీసుకెళ్ళాలి?

ఎక్కడెక్కడ పోసిందో ఫోనులో ఫొటోలు. రోజుకు ఎన్నిసార్లు వెళ్తోందో లెక్క: ఆరోగ్యంగా ఉన్న పిల్లి మామూలుగా రోజుకు రెండు నుంచి నాలుగుసార్లు మూత్రం పోస్తుంది, ఒకసారి దొడ్డికి వెళ్తుంది. వీలైతే మూత్రం శాంపిల్. బాక్సు కడిగి ఆరబెట్టి, లిట్టర్ బదులు కడిగి ఎండబెట్టిన అక్వేరియం గులకరాళ్ళు పలుచగా పరవండి. పోశాక బాక్సు ఒక పక్కకు వంచి, సూది లేని సిరంజితో లాగి, శుభ్రమైన సీసాలో పోసి గంటా రెండు గంటల్లో అందించాలి. ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టండి. ఈ హైరానా వద్దనుకుంటే డాక్టరే సన్నని సూదితో మూత్రాశయం నుంచి నేరుగా తీస్తారు. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ పరీక్షకు అదే మేలైన శాంపిల్.

ఊరెళ్ళి వచ్చాక కావాలనే నా బట్టల మీద పోసింది. పగబట్టిందా?

లేదు. పిల్లికి అంత పథకం ఉండదు. మీరు లేని నాలుగు రోజులు భయంగానో దిగులుగానో గడిచాయి, బాక్సు ఎవరూ తీయలేదు, మీ వాసన ఉన్న మెత్తటి గుడ్డ కనిపించింది. అంతే జరిగింది. కొడితే, ముక్కు పట్టి అందులో రుద్దితే అది నేర్చుకునేది ఒక్కటే: మీ ఎదుట పోయకూడదని. ఆ తర్వాత సోఫా వెనక, బీరువా కింద పోస్తుంది, మీకు వారం దాకా తెలియదు. కోపం ఆపుకోలేకపోతే గుడ్డ తీసుకుని నేల తుడవండి, కనీసం అదొక పని అవుతుంది.

కారణం ఎలా కనిపెట్టాలి?

ఎక్కడ పోస్తోంది, దేని మీద పోస్తోంది, ఎంత పోస్తోంది. ఈ మూడూ కాగితం మీద రాసుకుంటే సగం జవాబు దొరికినట్టే. కరెన్సీ నోట్లు పరీక్షించే చిన్న యువి టార్చి ఒకటి కొనండి. రాత్రి లైట్లన్నీ ఆర్పి నేలకు దగ్గరగా పట్టుకుని తిరిగితే ఎండిపోయిన మూత్రం పచ్చగా మెరుస్తుంది. మీకు తెలియని చోట్లు రెండు మూడైనా బయటపడతాయి. సబ్బు మరకలూ కొన్ని మెరుస్తాయి కాబట్టి ముక్కుతో ఖాయం చేసుకోక తప్పదు.

పరుపు, దుప్పటి, విడిచిన బట్టల కుప్ప ఎంచుకుంటే: బాక్సులో ఉన్నది కాళ్ళకు గుచ్చుకుంటోంది, మెత్తటిది కావాలి. నున్నటి టైల్స్, సింకు, బకెట్ మూత మీద అయితే: ఒకటి, నున్నటి నేలే ఇష్టం, రెండు, మూత్రాశయం మంట. సింకులో కొద్దికొద్దిగా పోసే పిల్లిని తిరిగి డాక్టరుకు చూపించండి. పూలకుండీల్లో అయితే మట్టి అలవాటు. బాక్సుకు జానెడు దూరంలో పోస్తోందంటే శుభవార్తే. అక్కడికే రావాలని దానికి తెలుసు, లోపలికి దిగడమే ఇష్టం లేదు. మురికిగానో, ఇరుకుగానో, అంచు ఎత్తుగానో ఉంది.

బాక్సులో ఉన్నప్పుడు దూరంగా నిలబడి గమనించండి. నాలుగు కాళ్ళూ అంచు మీద పెట్టి నిలబడటం, పాదాలు విదిలించుకోవడం, లిట్టర్ వదిలేసి ప్లాస్టిక్ గోడను గీకడం, కప్పెట్టకుండానే ఒక్క దూకు దూకి పారిపోవడం, ఇవన్నీ లిట్టర్ నచ్చలేదని చెప్పడమే.

గోడల మీద మూత్రం చిమ్ముతోంది. అదీ ఇదే సమస్యా?

కాదు. నిలబడి, తోక పైకెత్తి వణికిస్తూ, గోడకో తలుపుకో కర్టెనుకో కొంచెంగా చిమ్మితే అది తన హద్దులకు గుర్తులు పెట్టుకోవడం. అలాంటి పిల్లి బాక్సు కూడా మామూలుగానే వాడుతుంటుంది. ముందు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించండి. మగపిల్లుల్లో దాదాపు 90 శాతం దాంతో మానేస్తాయి, లేదా బాగా తగ్గిస్తాయి. అయినా ఆగలేదంటే కిటికీ అవతల వేరే పిల్లి తిరుగుతోందేమో చూడండి. కింది అద్దానికి కాగితం అంటిస్తే కొన్ని ఇళ్ళలో అక్కడితో సరి.

బాక్సు ఎంత ఉండాలి?

ముక్కు నుంచి తోక మొదలు దాకా పిల్లి పొడవు కొలిచి దానికి ఒకటిన్నర రెట్లు. మామూలు పెద్ద పిల్లి 45 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే బాక్సు 65 నుంచి 70 ఉండాలి. అంగళ్ళలో పెట్స్ కోసమని అమ్మే వాటిలో చాలావరకు ఇందులో మూడింట రెండొంతులే ఉంటాయి. బట్టలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొని మూత పక్కన పడేయండి. పొట్టి గోడ ఒకటి చూసుకుని, అంచు నేలకు 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేట్టు కోయండి. వేడి చేసిన కత్తి సులువుగా దిగుతుంది. కోసిన అంచును గరుకు కాగితంతో రుద్ది, పైన గుడ్డ టేపు వేయకపోతే పొట్ట గీరుకుంటుంది, మళ్ళీ మొదటికొస్తుంది.

పైన గుడిసెలా కప్పు ఉన్న బాక్సులు మనుషుల కోసం చేసినవి. వాసన మనకు రాదు, లోపలున్న పిల్లికి రెట్టింపు వస్తుంది. అలవాటు మళ్ళీ చేస్తున్నన్నాళ్ళు కప్పు తీసేయండి. అడుగున పరిచే ప్లాస్టిక్ కవర్లు కూడా వద్దు, గోళ్ళకు తగులుకుంటాయి.

ఏ లిట్టర్ వాడాలి? ఇసుక చాలదా?

మళ్ళీ అలవాటు చేసేటప్పుడు సన్నరవ్వలా ఉండి, తడి తగలగానే గడ్డకట్టే, సువాసన లేని బెంటొనైట్ మట్టితో మొదలుపెట్టండి. చాలా పిల్లులు ఒప్పుకునేది ఇదే. మన దేశంలో ఈ మట్టి ఎక్కువగా గుజరాత్‌లోని కచ్, రాజస్థాన్‌లోని బార్మేర్ వైపు దొరుకుతుంది. లావెండర్, నిమ్మ వాసనలవి మాత్రం కొనకండి.

మందం 5 నుంచి 7 సెంటీమీటర్లు. 60 × 40 సెంటీమీటర్ల బాక్సులో 5 సెంటీమీటర్లు రావాలంటే 12 లీటర్ల లిట్టర్ పడుతుంది. బెంటొనైట్ అయితే 10 కిలోల బ్యాగు ఇంచుమించు మొత్తం పోయాలి. బ్యాగు నెలంతా రావాలని రెండు గుప్పిళ్ళు చల్లితే మూత్రం అడుక్కి దిగి ప్లాస్టిక్‌కు అతుక్కుని కుళ్ళుతుంది. సగం ఇళ్ళలో పిల్లి బాక్సు మానేయడానికి ఈ పొదుపే కారణమన్నా తప్పులేదు.

ఇసుక పనికిరాదని కాదు. 1947లో అమెరికాలో ఎడ్ లో అనే ఆయన మట్టి గుళికలు అమ్మడం మొదలుపెట్టేదాకా అక్కడా ఇసుక, బూడిదే. కానీ ఇసుక గడ్డకట్టదు, మూత్రం అడుగుకు చేరుతుంది. కాబట్టి రెండు మూడు రోజులకోసారి మొత్తం పారబోయాలి. వాడితే ఏటి ఇసుక జల్లించి, కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి వాడండి. రోబో శాండ్ (రాళ్ళు నలగ్గొట్టి చేసే ఇసుక) కోసుగా ఉండి పాదాలకు గుచ్చుకుంటుంది. కట్టెల బూడిద తడిస్తే క్షారం, పాదాలు మండుతాయి. ఊక, రంపపు పొట్టు తేలిక, ఇల్లంతా చేరతాయి. సోయా పిప్పితో చేసే టోఫూ లిట్టర్ మంచిదే గానీ వానాకాలంలో సంచి మూతి సరిగా కట్టకపోతే బూజు పడుతుంది.

ఎన్ని బాక్సులు, ఎక్కడ?

పిల్లుల సంఖ్యకు ఒకటి కలపండి. ఒక పిల్లి అయితే రెండు, రెండైతే మూడు. ఒకదాని పక్కన ఒకటి వరసగా పెట్టిన మూడు బాక్సులు పిల్లి దృష్టిలో ఒకటే. వేర్వేరు గదుల్లో ఉండాలి. వాషింగ్ మెషీన్ పక్కన వద్దు. బట్టలు తిప్పే చప్పుడు ఒక్కసారి మధ్యలో మొదలైతే చాలు, పిల్లి ఇక ఆ మూలకు రాదు. అన్నం గిన్నె పక్కనా వద్దు. ఎండా వానా తగిలే బాల్కనీ వద్దు. మనుషులు మరీ మసలని, కానీ రెండు వైపుల నుంచి తప్పించుకునే దారి ఉన్న మూల చూడండి. బాక్సు చోటు మార్చాల్సి వస్తే రోజుకు అరడుగు జరపండి, ఒకేసారి ఎత్తి అవతల గదిలో పెట్టొద్దు.

ఫినాయిల్‌తో కడుగుతున్నా మళ్ళీ అక్కడే పోస్తోంది, ఎందుకు?

ఫినాయిల్ కాబట్టే. మొదటి సంగతి: నల్ల ఫినాయిల్‌లో, డెటాల్ లాంటి వాటిలో ఉండే ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం సరిగా విరిచేయలేదు. తడి నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటే అదంతా లోపలికే. రెండో సంగతి: దానివల్ల మనకు వాసన తెలియదు, పిల్లికి తెలుస్తుంది. మూత్రంలో ఉండే యూరిక్ ఆమ్లం స్ఫటికాలుగా మారి నీళ్ళకు కరగదు. నేల తడిసినప్పుడల్లా, ముసురు పట్టినప్పుడల్లా వాసన తిరిగి లేస్తుంది. దాన్ని విరగ్గొట్టేవి ఎంజైములు.

పద్ధతి ఇది. ముందు పాత గుడ్డతో అద్దండి, రుద్దితే పక్కకు పాకుతుంది. చన్నీళ్ళతో ఒకసారి తుడవండి. పెట్స్ మూత్రం కోసమే అమ్మే ఎంజైమ్ క్లీనర్‌ను మరక కంటే చుట్టూ బెత్తెడు ఎక్కువ తడిసేట్టు పోయండి. మరక ఎంత లోతుకు దిగిందో ఇదీ అంత లోతుకు దిగాలి, పైపైన చల్లితే డబ్బు దండగ. పైన తడి గుడ్డ కప్పి డబ్బా మీద రాసినంతసేపు, పరుపైతే రాత్రంతా వదిలేయండి. తర్వాత గాలికి ఆరాలి. ఎంజైమ్ పని చేసేది తడిగా ఉన్నంతసేపే, అందుకే వెంటనే ఫ్యాను వేయొద్దు. అది దొరకకపోతే, ప్యాకెట్ మీద ఎంజైమ్ అని ఉన్న బట్టల పొడి 100 గ్రాములు లీటరు గోరువెచ్చని నీళ్ళలో కలిపి అరగంట ఉంచి, తర్వాత మామూలు నీళ్ళతో రెండుసార్లు తుడవండి. బ్లీచింగ్ పౌడర్ అసలు వద్దు. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరి ఆడనివ్వని వాయువు పుడుతుంది.

పలుమార్లు తడిసిన దూది పరుపుకు ఏ మందూ లేదు. ఏకించినా దూదిలోనే ఉంటుంది. పారేయడమే.

అసలు శిక్షణ ఎలా? అడుగడుగునా చెప్పండి.

పిల్లి ప్రపంచాన్ని కొన్నాళ్ళు చిన్నది చేయడం, అది నిలదొక్కుకున్నాక మెల్లగా పెద్దది చేయడం. ఇంతకు మించి కిటుకు లేదు.

ఒక చిన్న గది ఖాళీ చేయండి. మంచం, పరుపు, గుడ్డల మూటలు ఉండకూడదు. ఒక మూలన బాక్సు, దానికి ఎదురు మూలన అన్నం, నీళ్ళు, మధ్యలో దాక్కోవడానికి అట్టపెట్టె, గీక్కోవడానికి గోనె చుట్టిన కర్ర. గది పెద్దదైతే రెండో బాక్సు పెట్టి అందులో వేరే రకం లిట్టర్ పోయండి. ఏది ఎక్కువ వాడుతుందో అదే చెబుతుంది, మన ఊహలు అక్కర్లేదు.

పిల్లి ఎంచుకున్న నేలను బాక్సులోకి తెండి. బట్టల మీద పోసే పిల్లికి మొదటి మూడు రోజులు బాక్సులో పాత తువ్వాలు ముక్క పరిచి పైన చెంచాడు లిట్టర్, తర్వాత రోజుకు ఒక గుప్పెడు పెంచుతూ పోయండి. గుడ్డ లిట్టర్‌లో పూర్తిగా మునిగాక తీసేయండి. టైల్స్ మీద పోసే పిల్లికి సగం బాక్సు ఖాళీగా వదలండి.

రోజుకు రెండుసార్లు గడ్డలు, పెంట తీయండి. తీసినంత కొత్తది కలపండి. రోజుకు నాలుగైదుసార్లు మీరు గదిలోకి వెళ్ళి పదిహేను నిమిషాలు ఆడండి. ఇది జైలు అయిందంటే పిల్లి దిగులుపడి మళ్ళీ మూత్రాశయం వాపు తెచ్చుకుంటుంది. బాక్సులో పోసి బయటికొచ్చాక చిన్న ఎండుచేప ముక్క పెట్టండి. లోపల ఉండగా పలకరించకండి. పట్టుకెళ్ళి బాక్సులో కూర్చోబెట్టి ముందుకాళ్ళతో గీకించడం కూడా వద్దు, భయపడటం తప్ప ఏమీ నేర్చుకోదు.

వరసగా 7 రోజులు ఒక్క తప్పూ లేకపోతే తలుపు తీయండి, అదీ బాక్సులో పోసిన వెంటనే, మీరు కళ్ళెదుట ఉండగా, ఒక గంట. మూడు నాలుగు రోజుల తర్వాత సగం పూట. ఆ తర్వాత వారానికొక గది చొప్పున కలపండి. మళ్ళీ ఎక్కడైనా పోస్తే శిక్ష లేదు, ఒక మెట్టు వెనక్కి వెళ్ళండి. పాత చోట శుభ్రం చేసి అన్నం గిన్నె పెట్టండి, తినేచోట పిల్లి సాధారణంగా పోయదు.

తొందరపడేది మూడో రోజునే. 'మారిపోయింది' అని తలుపులన్నీ తెరిచేస్తారు, నాలుగో రోజు సోఫా తడుస్తుంది.

బాత్రూంలో నీళ్ళు పోయే జాలీ దగ్గరే పోస్తుంది. అలా వదిలేయొచ్చా?

మన ఇళ్ళలో ఇది చాలా మామూలు. నున్నటి నేల, వాలు, ఎప్పుడూ అదే వాసన, పిల్లికి తయారుగా ఉన్న టాయిలెట్. మీకు అభ్యంతరం లేకపోతే నష్టమేమీ లేదనిపిస్తుంది. కానీ మూత్రం తగ్గిందో పెరిగిందో, రక్తం పడుతోందో మీకు కనిపించదు, తలుపు వేసి ఉన్న రోజున వేరే చోటు వెతుక్కుంటుంది.

మాన్పించాలంటే జాలీని కడిగి మీద స్టీలు పళ్ళెం బోర్లించి ఇటుక పెట్టండి. దాని పక్కనే బాక్సు పెట్టి అందులో ఒక సెంటీమీటరు లిట్టర్ మాత్రమే పోయండి. రెండు మూడు రోజులకోసారి గుప్పెడు పెంచండి. మందం 5 సెంటీమీటర్లకు వచ్చాక బాక్సును రోజుకు అరడుగు చొప్పున బయటికి జరపండి. స్నానాల తడి బాక్సుకు తగలకుండా చూసుకోవాలి, తడిసిన బెంటొనైట్ జిగురు బంకే.

వీధిలో పెరిగిన పెద్ద పిల్లిని తెచ్చుకున్నాం. నేర్చుకుంటుందా?

పిల్లపిల్లుల కంటే తొందరగా నేర్చుకున్నవీ ఉన్నాయి. గుంట తీసి కప్పెట్టడం దానికి ఎవరూ నేర్పనక్కర్లేదు, ఎక్కడ తీయాలో చూపిస్తే చాలు. అది ఇదివరకు వెళ్ళిన చోటి మట్టి బకెట్టెడు తెచ్చి రాళ్ళు ఏరి, మూడు వంతులు మట్టి, ఒక వంతు లిట్టర్ కలిపి బాక్సు నింపండి. నాలుగు రోజులకోసారి మట్టి ఒక వంతు తగ్గించి లిట్టర్ ఒక వంతు పెంచండి. పూలకుండీల మీద గులకరాళ్ళు పరచండి. మొదటి రోజునుంచే పైన చెప్పిన చిన్న గది. నులిపురుగుల మందు, ఆపరేషన్ ఈలోగా చేయించండి.

రెండు పిల్లులున్నాయి, ఏది పోస్తోందో తెలియడం లేదు.

పాత ఫోను ఒకటి కెమెరాగా పెట్టండి. దొంగ దొరకడంతో పాటు ఇంకోటీ కనిపించొచ్చు: ఒకటి బాక్సులో ఉండగా రెండోది తలుపు దగ్గర కాపు కాసి మీద పడటం. అప్పుడు తప్పు పోసిన పిల్లిది కాదు, ఒక్కటే దారి ఉన్న ఆ మూలది. బాక్సులు విడదీయండి.

మూత్రం బాక్సులోనే, పెంట మాత్రం బయట. ఎందుకు?

పెంట గట్టిగా, చిన్న ఉండలుగా ఉంటే మలబద్ధకం, డాక్టరుకు చూపించాలి. మామూలుగా ఉంటే రెండో బాక్సు పెట్టండి. చాలా పిల్లులకు రెండూ ఒకే చోట వేయడం ఇష్టం ఉండదు. దొడ్డికి వెళ్ళేముందు నాలుగడుగులు అటూ ఇటూ తిరిగే పిల్లికి చిన్న బాక్సులో చోటూ చాలదు.

పన్నెండేళ్ళ పిల్లి. ఇప్పుడు అలవాటు చేయగలమా?

అలవాటు దానికి పోలేదు, కాళ్ళే సహకరించడం లేదు. అంచు 7 సెంటీమీటర్లకు దించండి, బాక్సు కింద జారని పట్టా వేయండి, ప్రతి అంతస్తులో ఒకటి పెట్టండి, రాత్రిపూట చిన్న లైటు వేసి ఉంచండి. గడ్డలు అదివరకటి కంటే పెద్దవవుతున్నాయంటే షుగరో కిడ్నీయో అయి ఉండొచ్చు, రక్తపరీక్ష చేయించండి.

అమెరికాలో షెల్టర్ నుంచి తెచ్చుకున్న పిల్లికి గోళ్ళే లేవు. తేడా ఏమైనా ఉందా?

ఉంది. దానికి గోళ్ళు తీసే ఆపరేషన్ చేయించి ఉంటారు. అది గోళ్ళు కత్తిరించడం కాదు, వేళ్ళ చివరి కణుపు తీసేయడం. న్యూయార్క్ రాష్ట్రం 2019లో దీన్ని నిషేధించింది. అలాంటి పాదాలకు గుళికల లిట్టర్ నొప్పి పుట్టిస్తుంది. అన్నిటికంటే మెత్తటి రవ్వ చూసి కొనండి, లేదా చించిన కాగితంతో మొదలుపెట్టండి.

ఇంట్లో గర్భిణి ఉన్నారు. బాక్సు ప్రమాదమా?

టాక్సోప్లాస్మా భయం అది, పిల్లి పెంట ద్వారా అంటుకుని కడుపులో బిడ్డకు హాని చేయగల సూక్ష్మజీవి. పెంటలో పడ్డ గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. కాబట్టి ప్రతిరోజూ తీసేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఆ పని ఇంట్లో వేరొకరు చేయాలి. ఎవరూ లేకపోతే గ్లోవ్స్ వేసుకుని చేసి చేతులు కడుక్కోవాలి. పిల్లికి పచ్చిమాంసం పెట్టకండి. తీసిన లిట్టర్ కవరులో మూటకట్టి చెత్తలో వేయండి. టాయిలెట్‌లో పోస్తే పైపులో ఉబ్బి ప్లంబరుకు పని పెడుతుంది.

ఎన్నాళ్ళు పడుతుంది? రెండు నెలలైనా మారకపోతే?

అలవాటు తప్పి వారమే అయితే రెండు మూడు వారాలు. ఆరు నెలలుగా సోఫా మీదే పోస్తున్న పిల్లికి రెండు మూడు నెలలు. అప్పటికీ మారకపోతే మళ్ళీ మూత్రపరీక్ష, అవసరమైతే స్కానింగ్. బెదురు ఎక్కువున్న పిల్లులకు ఫెలివే లాంటి ప్లగ్ డిఫ్యూజర్ (పిల్లిని నెమ్మదింపజేసే వాసనను గదిలోకి వదిలే ప్లగ్ పరికరం) కొన్నిచోట్ల పనిచేస్తుంది. సీసా దాదాపు నెల వస్తుంది. సోఫా వెనక దాచకుండా గాలి ఆడే చోట పెట్టాలి. డాక్టరు ఆందోళన తగ్గించే ఫ్లూఆక్సిటిన్ మందు రాస్తే నాలుగు వారాలైనా చూడాలి, పది రోజులకే పనిచేయలేదని ఆపొద్దు. నడుస్తున్న శిక్షణ దీపావళి మీదికి వస్తే, వారం ముందే పిల్లిని మళ్ళీ చిన్న గదిలోకి మార్చి, కిటికీలకు మందపాటి దుప్పటి కట్టి, టపాసులు పూర్తిగా ఆగాక మూడు రోజులకు తలుపు తీయండి.